నాలుగో నంబరు కుట్టుమిషన్

ఏమోయ్ అల్లుడూ, కాలు మీద కాలేసుకుని మహా దర్జాగా కూర్చున్నావు గానీ, ముందు ఆ కాలికున్న చెప్పు ఒకసారి చూసుకో. అది నీదేనా? మొన్న పళ్ళ డాక్టరు గది బయట పది జతలుంటే, నీదనుకుని ఎవరిదో తొడుక్కొచ్చావు. మూడు వారాలు ఊరంతా తిరిగావు. ఎడమది కరుస్తోందని మడమకి మందు కూడా రాసుకున్నావు. మీ అత్త చెప్పేదాకా అది నీది కాదని నీకు తట్టనే లేదు. మరి రేపు నీ ఇంట్లో దొంగ పడి, పోయిన సామాను దొరికి, అచ్చం అలాంటివే ఆరు వరసగా పెట్టి, ఇందులో నీదేదో వేలు పెట్టి చూపించమంటే ఏం చేస్తావు? తల గోక్కుంటావు. నీ వేలు తప్పు చోట పడితే ఒక మనిషి జైలుకి పోతాడు, నీ సామాను ఇంకెవరింటికో పోతుంది. నవ్వకు. ఈ కథలో ఇన్‌స్పెక్టరు కూడా మొదట్లో నీలాగే నవ్వాడు.

ఇన్‌స్పెక్టరు మంచివాడే. మీసం పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది, ఓపిక మాత్రం ఆవగింజంత. సోమవారం పొద్దున పదకొండింటికి స్టేషన్ వెనకున్న సామాన్ల గదికి వచ్చేసరికి ఆయన మనసు అప్పటికే మర్నాటి కోర్టులో ఉంది. మంగళవారం పదిన్నరకి గుర్తింపు కాగితం కోర్టులో పెట్టాలి. పెడితే కేసు గెలిచినట్టే. అరగంట పని అనుకున్నాడు.

ఆ గది ఆయన వదినది. వదిన అంటే వరసకి కాదు, సొంత అన్నగారి భార్య. ఆయనకన్నా పదకొండేళ్ళు ముందు ఉద్యోగంలో చేరింది. ఒకప్పుడు ఒక పెద్ద అధికారి కోర్టులో దొంగసొత్తని చూపించిన గొలుసుకి కొక్కెం తిరగేసి ఉందని, అది పోయిన గొలుసు కాదని బోనులో నిలబడి చెప్పింది. ఆ మాట నిజమే అయింది. అందుకని ఆవిణ్ణి తీసుకొచ్చి ఈ గదిలో పడేశారు. ఆరేళ్ళయింది. ఎలుకలు తిరిగిన గదిని ఆవిడ అద్దంలా చేసింది. సైకిలు దగ్గర్నుంచి చెవిపోగు దాకా ప్రతిదానికీ ఒక అట్టచీటీ, తెల్లదారం, తెచ్చిన రోజు, గంట, నిమిషం, తెచ్చినవాడి పేరు. మరిది ఒకసారి అలవాటు కొద్దీ అందరి ముందూ వదినా అని పిలిచాడు. ఆనాటి నుంచి స్టేషన్‌లో కానిస్టేబుళ్ళు, లాయర్లు, ఆఖరికి దొంగలు కూడా ఆవిణ్ణి వదినా అనే పిలుస్తున్నారు. నలుగురిలో ఆవిడ మాత్రం ఆయన్ని సార్ అంటుంది. ఆ సార్ అనడంలో ఉప్పెంతో కారమెంతో ఆయనకొక్కడికే తెలుసు.

కేసు చిన్నదే. వీధి మలుపులో ఒంటిగది షాపు పెట్టుకున్న దర్జీ పిన్ని, పోయిన మంగళవారం రెండింటికి తాళం వేసి బడిలో కొలతలు తీసుకోడానికి వెళ్ళింది. మూడుంపావుకి తిరిగొచ్చేసరికి తాళం కోసేసి ఉంది. కుట్టుమిషన్ బల్లా పెడలూ అలాగే ఉన్నాయి, పైనుండే మిషన్ లేదు. ఇరవై రెండేళ్ళ మిషన్. మంచం పట్టిన అక్కని, తనని ఆ మిషనే పోషిస్తోంది. బడిపిల్లల ఆకుపచ్చ యూనిఫాంలు ముప్పై నాలుగు ఒప్పుకుంది, పదిహేడు అయ్యాయి. మిగతా పదిహేడు కత్తిరించిన ముక్కలుగా మూటలో ఉన్నాయి. ఇంకో వారంలో ఇవ్వకపోతే ఆ బడి పని ఇంకొకరికి పోతుంది.

శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఇన్‌స్పెక్టరు పిల్లి ఇంటి మీద పడ్డాడు. పిల్లి అంటే ఒకప్పుడు గోడలు దూకిన మనిషి. నాలుగేళ్ళుగా సైకిళ్ళు బాగుచేసుకుంటూ బుద్ధిగా బతుకుతున్నాడు. అతనింట్లో నల్లటి కుట్టుమిషన్ ఉంది, నంబరు రేకు లేదు. అది నా భార్యది సార్, పాత సామాన్ల షాపులో కొన్నాం, చీటీ ఇవ్వలేదు అని పిల్లి మొత్తుకున్నాడు. పాత దొంగ మాట ఎవరు వింటారు. ఏ షాపని అడిగినవాడు కూడా లేడు.

ఇక మిగిలింది గుర్తింపు పరేడ్. మనుషులకి చేసినట్టే సామానుకీ చేస్తారు. దొరికినదాన్ని అలాంటివే మరో ఐదింటితో కలిపి, సొంతదారు వచ్చి ఏది తనదో చెప్పాలి. ఆ మరో ఐదూ ఎక్కడి నుంచి వస్తాయి? ఇన్‌స్పెక్టరుకి ఆ బాధ లేదు. ఊళ్ళో పాతసామాన్ల షావుకారు ఒకాయన ఉన్నాడు. తెల్లబట్టలు, మెత్తని మాట, ఎదురుపడితే రెండడుగులు ముందే ఆగి నమస్కారం. గడియారం కేసైతే ఐదు గడియారాలు, సైకిల్ కేసైతే ఐదు సైకిళ్ళు పంపిస్తాడు, అద్దె అడగడు. పని అయ్యాక, ఇవి ఫలానా షావుకారు సొంత సామాను, అరువు తెచ్చుకుని తిరిగి ఇచ్చేశాం అని స్టేషన్ ముద్రతో ఒక కాగితం తీసుకుంటాడు, అంతే. ఇన్‌స్పెక్టరు ఆయన్ని దేవుడిచ్చిన మనిషి అనేవాడు.

ఆరు మిషన్లూ బల్లల మీద వరసగా ఉన్నాయి. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే నలుపు. వదిన వాటి మీద గీతలు, రంగు పోయిన చోట్లు, నంబరు రేకుల చోట్లు అన్నింటికీ ఒకే కొలతలో కాగితం అంటించింది. కోర్టు నుంచి సాక్షిగా వచ్చిన గుమాస్తా, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, డబ్బాలోంచి చీటీలు తీసి నంబర్లు వేశాడు. పిల్లి ఇంట్లో దొరికింది రెండో నంబరు అయింది. మిగతావి షావుకారువి.

పిన్ని లోపలికొచ్చింది. పొట్టి మనిషి, మెడలో కొలత టేపు అలాగే ఉంది. మొదటి మిషన్ దాటి రెండోదాని దగ్గరికి రాగానే ఇన్‌స్పెక్టరుకి దగ్గొచ్చింది. ఒకటి కాదు, లెక్కగా రెండు. వదిన తలెత్తలేదు. ఈ గదిలో దుమ్మెక్కువ సార్, మీ గొంతుకి పడదు, కాసేపు బయట గాలి పీల్చుకోండి అని, కానిస్టేబుల్‌తో గ్లాసుడు నీళ్ళు ఇప్పించి మరీ తలుపు వేయించింది. గుమాస్తా దాన్ని కూడా కాగితం మీద రాసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు కిటికీ చువ్వలు పట్టుకుని తొంగిచూస్తూ, తన స్టేషన్‌లో తనే ఖైదీలా నిలబడ్డాడు.

పిన్ని మిషన్లని చూడలేదు. అదే ఆయనకి వింతగా తోచింది. ఒక్కోదాని పక్కన నిలబడి, ఎడమ అరచెయ్యి పలక మీద ఆనించి, కుడిచేత్తో చక్రం ఒక్క చుట్టు తిప్పి, ముందుకి కదిలింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోదాని దగ్గర చక్రం తిప్పాక చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఐదూ ఆరూ కూడా వెళ్ళి చూసి, మళ్ళీ నాలుగో దగ్గరికే వచ్చి ఇదమ్మా అంది.

తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. నాలుగోది షావుకారు సొంత మిషన్. కేసు మొత్తం కుప్పకూలింది. పెద్దావిడకి చూపు ఆనలేదని, భయపడిందని, ఇంకోసారి నిదానంగా చూపించమని ఒంటికాలి మీద లేచాడు. గుమాస్తా కలం పైకెత్తి వదిన వైపు చూశాడు.

"గుర్తింపు ఒక్కసారే సార్," అంది వదిన. "రెండోసారి చేస్తే దాన్ని నేర్పించడం అంటారు."

ఆయన గొంతు తగ్గించి పిన్ని పక్కకి చేరాడు. రెండోది ఎంత నున్నగా తిరుగుతోందో చూడమన్నాడు, ఒక్క మాట అంటే రేపే ఇంటికి చేరుస్తానన్నాడు, పదిహేడు యూనిఫాంలు గుర్తుచేశాడు. పిన్ని తల వంచుకుని అంతా వింది. మెడలో టేపు తీసి మడతపెట్టి మళ్ళీ వేసుకుంది.

"రెండోది మంచి మిషనే బాబూ," అంది. "నాదానికన్నా మంచిది. కానీ నాది కాదు. దాన్ని నాదంటే, ఎవరి చేతుల్లోంచి లాక్కున్నట్టు అవుతుందో నాకు తెలీదు కదా."

ఆకలితో ఉన్న మనిషి ముందు విస్తరి పెడితే, ఇది పక్కింటి వాళ్ళదని జరిపేసినట్టుంది. కోపం రావాల్సిన చోట ఇన్‌స్పెక్టరుకి కొంచెం సిగ్గేసింది. అది కప్పుకోడానికి మరింత గట్టిగా అరిచాడు. నాలుగోది ఈవిడదే అయితే షావుకారు దొంగ అవ్వాలి, ఊరికి పెద్దమనిషిని పట్టుకుని అంతమాట అంటారా, చక్రం తిప్పి చెప్పేస్తే కోర్టు నమ్ముతుందా అని.

నమ్మదని వదిన ఒప్పుకుంది. అందుకే ఇంకొక పని చేద్దామంది.

పిన్ని షాపులోంచి పెడలున్న బల్లని ముందే తెప్పించి ఉంచింది. పిన్నిని బయట కూర్చోబెట్టి, గుమాస్తా చేత మిషన్లు అటూ ఇటూ మార్పించి, కొత్త వరస రాయించి, ఆ కాగితం ఆయన జేబులోనే పెట్టుకోమంది. సూదులన్నీ కొత్తవి, దారం ఒకటే. తర్వాత పిన్ని కళ్ళకి గుడ్డ కట్టి తీసుకొచ్చారు. ఒక్కో మిషన్ బల్లకి బిగిస్తారు, ఆవిడ జానెడున్నర తెల్లగుడ్డ మీద తిన్నగా ఒక కుట్టు వేయాలి. అలాగే ఆరు గుడ్డలు.

గదిలో పెడల్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. కళ్ళకి గంతలు కట్టుకున్న మనిషి, వంట చేసినంత తేలిగ్గా కుట్టుకుపోతోంది. ఎడమచేతి రెండు వేళ్ళు గుడ్డని నిమురుతున్నట్టే ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు తన బూట్లు చప్పుడు చేయకుండా నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో ఆయనకే తెలీదు.

వదిన ఆరు గుడ్డల్నీ బల్ల మీద పరిచి స్కేలు పెట్టింది. ఐదింటి మీద కుట్టు కుడికి వంగింది. చంద్రవంక గీసినట్టు, ఐదూ ఒకేలా, ఒకే చోట మొదలై వంగాయి. ఒక్కదాని మీద మాత్రం స్కేలు అంచున దారం పరిచినట్టు ఉంది. గుమాస్తా జేబులో కాగితం తీసి చదివాడు. ఆ ఒక్కటీ పాత నాలుగో నంబరు.

"మంచి మిషన్ల మీద వంకరగా, ఒక్కదాని మీద తిన్నగా కుట్టింది. ఇదేం విడ్డూరం?" అన్నాడు గుమాస్తా.

వదిన నాలుగోదాన్ని పక్కకి వంచి, సూది కింద గుడ్డని ముందుకి లాగే పళ్ళు చూపించింది. రెండు వరసలున్నాయి. కుడి వరసలో రెండు పళ్ళు అరిగిపోయాయి. అందుకని ఆ మిషన్ గుడ్డని ఎప్పుడూ కుడికి లాగుతుంది. ఇరవై రెండేళ్ళుగా పిన్ని ఎడమచేతి వేళ్ళు, తనకి కూడా తెలియకుండా, ఆ లాగుడికి సరిపడా ఎడమకి నెడుతున్నాయి. లాగుడు లేని మిషన్ మీద కూర్చోబెడితే ఆ వేళ్ళు ఊరికే ఉండవు, అలాగే నెడతాయి. గుడ్డ ఎడమకి జరిగి, దాని మీద కుట్టు కుడికి వంగిపోతుంది. లోకంలో ఉన్న మిషన్లన్నిట్లోనూ ఈ చెయ్యి తిన్నగా కుట్టేది ఆ ఒక్క వంకర మిషన్ మీదే.

పిన్ని గంతలు విప్పుకుని, ఐదు వంకర గుడ్డలు చూసి ముఖం చిన్నబుచ్చుకుంది. ఇంత అడ్డగోలుగా కుట్టానా, ఇవి ఎవరికీ చూపించకమ్మా, నా పరువు పోతుంది అని గొణిగింది. గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. ముప్పై ఏళ్ళ నౌకరీలో ఇలాంటి సాక్ష్యం రాయలేదని, ఒక్కో గుడ్డ మీదా తనే వంగి వంగి సంతకం చేశాడు.

ఇన్‌స్పెక్టరు మాత్రం ఇంకా ఒక మెట్టు దిగలేదు. కావాలని అలా కుట్టిందని ఎదుటి లాయరు అంటే ఏం చెప్తారని అడిగాడు.

అది సరైన ప్రశ్నేనని వదిన మెచ్చుకుంది. దొంగతనానికి ముందు, ఈ గొడవేదీ తెలియనప్పుడు, ఆ మిషన్ మీద పిన్ని కుట్టిన బట్ట ఏదైనా కావాలి. అది పోలీసుల చేతిలోనే ఉండి ఉంటే ఇంకా మంచిది. అంటూ ఆవిడ మరిది భుజాల మీది నుంచి నడుము దాకా నిదానంగా చూసింది. ఆయన కూడా కిందికి చూసుకున్నాడు. పోయిన నెల పిన్ని దగ్గరే కుట్టించుకున్న యూనిఫాం చొక్కా.

"విప్పండి సార్," అంది.

ఆయన నీళ్ళు నమిలాడు. ఇంటికెళ్ళి పంపిస్తానన్నాడు. సాక్షుల కళ్ళ ముందు తీసిందే పనికొస్తుందని గుమాస్తా చాలా మర్యాదగా అడ్డుపడ్డాడు. చొక్కా వచ్చింది. తిరగేస్తే పక్కకుట్టు జానెడున్నర తిన్నగా వచ్చి, అక్కడ వెంట్రుకవాసి ఎడమకి జరిగి, మళ్ళీ తిన్నగా సాగింది. పిన్ని వేళ్ళు తీసి మళ్ళీ పెట్టేలోగా మిషన్ గుడ్డని కుడికి లాగేసిన చోటు అది. గుమాస్తా భూతద్దంతో చూశాడు, చొక్కా పొడవునా అంతే. తెల్లగుడ్డల్లో తిన్నగా ఉన్నదాన్ని పక్కన పెడితే, ఆఖరున అదే వెంట్రుకవాసి మెలిక. మిగతా ఐదింట్లో అలాంటిది లేదు.

వదిన చొక్కాకి అట్టచీటీ కట్టి, తేదీ, టైము రాసింది. పన్నెండూ నలభై. ఇన్‌స్పెక్టరు బనీను మీద, కేసు ఫైలుని గుండెలకి అడ్డం పెట్టుకుని కుర్చీలో ఒదిగి కూర్చున్నాడు. జేబు దగ్గర బొత్తాం ఊడేలా ఉంది, కోర్టు పని అయ్యాక కుట్టిస్తానని వదిన ఆయనకొక్కడికే వినపడేలా ఓదార్చింది.

షావుకారు ఒంటిగంటకి వచ్చాడు. మిషన్లు తీసుకెళ్ళొచ్చని కబురు పెట్టిందీ వదినే. ఆయన ఇన్‌స్పెక్టరు బనీనుని చూసి కూడా చూడనట్టే నమస్కారం చేశాడు. అంత మర్యాదస్తుడు. నాలుగో నంబరు గురించి అడిగితే, అది తన అమ్మ వాడిన మిషన్ అని, పదేళ్ళుగా షాపు మూలన పడి ఉందని చెప్పాడు. రుజువుగా ఒక కాగితం తీశాడు. రెండేళ్ళ కిందట ఇలాంటి కేసుకే అరువిచ్చి తిరిగి తీసుకున్నట్టు, స్టేషన్ ముద్రతో, మిషన్ నంబరుతో సహా. రేకు మీది నంబరు, కాగితం మీది నంబరు ఒకటే. కింద ఇన్‌స్పెక్టరు సంతకం.

ఇన్‌స్పెక్టరు ఫైలు వెనక కొంచెం తేరుకున్నాడు. కాగితం ముందు కుట్లెంత అనిపించింది.

వదిన కూర్చోమంది. ఈ పదేళ్ళలో దీని మీద ఎవరైనా కుట్టారా అని అడిగింది. అమ్మ పోయాక ఎవరూ ముట్టుకోలేదన్నాడు. నూనె కూడా వేయలేదా? వేయలేదు. సరేనని ఆవిడ చిన్న స్క్రూడ్రైవరు తీసి, సూది కింది పలక రెండు స్క్రూలు విప్పి, పలకని పక్కన పెట్టింది. కింద పీచు గడ్డకట్టి ఉంది. నూనెతో తడిగా, ఆకుపచ్చగా. బల్లతో పాటే తెప్పించిన పిన్ని మూటలోంచి కత్తిరించిన యూనిఫాం ముక్క తీసి పక్కన పెడితే, రెండింటికీ తేడా లేదు.

అమ్మేవాడికి పైపై మెరుగే తెలుస్తుంది అల్లుడూ. షావుకారు రంగు వేశాడు, పువ్వుల బొమ్మ మార్చాడు, రేకు మార్చాడు. పలక కింద ఏముంటుందో, రోజూ కుట్టేవాళ్ళకి తప్ప ఎవరికి తెలుసు?

అయినా షావుకారు నవ్వు అలాగే ఉంది. వదిన రేకుని ఊడదీసి రెండో నంబరు దగ్గరికి వెళ్ళింది. దాని మీద అంటించిన కాగితం తీసి, రేకు పోయిన చోట ఇది పెట్టింది. రెండు కన్నాలూ కలిశాయి. రేకు మీద అడ్డంగా ఉన్న పాత గీత మిషన్ ఒంటి మీదికి అలాగే సాగింది.

"రెండేళ్ళ కిందట మీరు మాకు అరువిచ్చిన మిషన్ ఇది," అంది వదిన. "రేకు ఊడదీసుకుని, చీటీ ఇవ్వకుండా పిల్లి భార్యకి అమ్మారు. ఆ రేకు పిన్ని మిషన్‌కి కొట్టారు. మా ముద్ర మీ రేకుకి ఉంది, మిషన్‌కి లేదు."

ఇన్‌స్పెక్టరుకి ఆరేళ్ళలో మొదటిసారి, ఈ మనిషిని ఈ గదిలో పడేసినవాళ్ళు ఎంత పిచ్చివాళ్ళో అర్థమైంది. ఫైలు కిందికి జారింది, ఆయన సర్దుకోలేదు. పైకి ఏం అనలేదు గానీ, లేచి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు, షావుకారు వెళ్ళకుండా. బనీను మీదే నిలబడ్డాడు.

గుమాస్తా అక్కడికక్కడే రెండు దరఖాస్తులు రాయించుకున్నాడు. ఒకటి పిల్లిని వదలడానికి, ఒకటి కేసు తేలేదాకా మిషన్‌ని పూచీ మీద పిన్నికి అప్పజెప్పడానికి. మర్నాడు పదిన్నరకి జడ్జిగారు సంతకం పెడితే, మధ్యాహ్నానికి పద్దెనిమిదో యూనిఫాం మొదలెట్టుకోవచ్చని చెప్పాడు. పిన్ని పలక కింది పీచుని చీరకొంగుతో తుడవబోయింది. అది సాక్ష్యం పిన్నీ, ఒక్క రాత్రి ఓపిక పట్టు అని వదిన చెయ్యి పట్టుకుని ఆపింది.

అందరూ వెళ్ళారు. గదిలో వదిన, మరిది, తలుపు బయట కానిస్టేబుల్ కాపలాలో షావుకారు. ఇన్‌స్పెక్టరు అడగలేక అడగలేక అడిగాడు, ఇదంతా ఎప్పుడు తెలిసిందని.

వదిన తన పెద్ద పుస్తకం తెరిచి ఒక వరస మీద వేలు పెట్టింది. గురువారం, ఉదయం తొమ్మిదిన్నర, గుర్తింపు కోసం అరువు కుట్టుమిషన్లు ఐదు.

"పిల్లి ఇంట్లో మిషన్ దొరికింది ఎప్పుడు మరిదీ?"

"శుక్రవారం. సాయంత్రం ఐదు."

"గుర్తుపట్టాల్సింది దొరక్క ముందే, పక్కన పెట్టాల్సినవి ఎందుకొచ్చాయి?"

గురువారం షావుకారు అన్న మాట ఆయనకి గుర్తొచ్చింది. మీ చేతిలో పడ్డాక ఎలాగూ దొరుకుతుంది కదా సార్, ముందే పెట్టి ఉంచండి అని. తన మీద ఎంత నమ్మకమో అని మురిసిపోయి, ఆ అరువు కాగితం మీద చదవకుండానే సంతకం పెట్టాడు. బుధవారం ఆయనతో టీ తాగుతూ, రేపటి నుంచి పాత సామాన్ల షాపులన్నీ సోదా చేయిస్తున్నానని చెప్పిందీ తనే. ఊళ్ళో ఏ పోలీసూ సోదా చేయని చోటు ఒక్కటే. పోలీసు సామాన్ల గది.

"అప్పుడే నాకెందుకు చెప్పలేదు వదినా?"

"చెబితే నువ్వు ఎవరికి చెప్పేవాడివి?"

వదిన ఇంకొకటి అడిగింది. శుక్రవారం, పిల్లి ఇంట్లో నంబరు లేని మిషన్ ఉందని కబురు తెచ్చిందెవరు? ఇన్‌స్పెక్టరు కబుర్లు తెచ్చే తన మనుషుల పేర్లు ఎవరికీ చెప్పడు, అది ఆయన పంతం. ఈసారీ పేరు చెప్పలేదు. తలుపు వైపు చూశాడంతే.

బయట నుంచి షావుకారు మెత్తని గొంతు వినపడింది. తన దగ్గర ఇలాంటి కాగితాలు ఇంకో పది ఉన్నాయట. గడియారాలు, సైకిళ్ళు, రేడియోలు. అవన్నీ తన సొంత సామానేనని ఈ స్టేషన్ అధికారి ఒకాయన రాసిచ్చారట. రేపు తన లాయరు ఆయన్నే ముందు పిలుస్తాడట. అదీ నమస్కారం పెట్టినంత మర్యాదగా చెప్పాడు. ఆ సామానంతా ఎవరెవరి ఇళ్ళలోంచి పోయిందో, ఇప్పుడు ఎవరెవరి ఇళ్ళలో ఉందో.

ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూలబడ్డాడు. పుస్తకంలో పెట్టి ఉన్న గురువారం నాటి అరువు కాగితం వైపు చెయ్యి చాపి, మధ్యలోనే ఆపుకున్నాడు. వదిన దాన్ని దాచలేదు, ఇవ్వనూ లేదు. ఆయన చూస్తుండగానే దానికీ ఒక అట్టచీటీ కట్టి, దారం ముడి బిగించింది.

"పన్నెండేళ్ళుగా ఆయన నా మనిషి అనుకున్నాను వదినా," అన్నాడు. "ఊళ్ళో ఏం జరిగినా నాకు ముందు చెప్పేది ఆయనే."

"పాపం, నువ్వొక్కడివే అలా అనుకున్నావు మరిదీ," అంది వదిన. "ఆయన దగ్గర స్టేషన్ ముద్ర వేసిపెట్టే పెద్దమీసాల గుమాస్తా ఒకడున్నాడని, జీతం కూడా అడగడని, మార్కెట్లో అందరికీ తెలుసు."